క్రొత్త తరగతికి ముందుగా సిద్ధపడుదము

చందాపుర, పరిసర ప్రాంతముల విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక పాఠము



చందాపురలో మనము స్థిరపడి ఏండ్లు గడిచినవి. కొందరము ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీలలోను, కొందరము బొమ్మసంద్ర ఫ్యాక్టరీలలోను, గార్మెంట్సులోను, కట్టడపు పనులలోను ఉన్నాము. అద్దె ఇండ్లు కొందరికి సొంత ఇండ్లయినవి. రేషను కార్డు, ఓటు కూడ ఇక్కడికే మారినవి. కాని ఒక్కటి మాత్రము చాలమంది ఇండ్లలో ఇంకను మారలేదు. అది బడి క్యాలెండరు. జూన్ రెండవ వారములో బడులు తెరుస్తారన్న లెక్క మన మనస్సులో నాటుకొని పోయినది. అది ఊరి లెక్క, ఇక్కడి లెక్క కాదు.

2025వ సంవత్సరములో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పాఠశాలలు జూన్ 12న తెరిచారు. కర్ణాటక రాష్ట్ర సిలబసు పాఠశాలలు మే 29నే తెరిచారు. అంటే రెండు వారముల తేడా. ఊరిలోని అన్న పిల్లలు, అక్క పిల్లలు ఇంకను మామిడితోటలో ఆడుకొనుచుండగా, ఇక్కడ మన పిల్లల తరగతిలో హాజరు పిలుస్తున్నారు. పిల్లవాడు ఆదివారములు పోగా పది, పన్నెండు పనిదినములు పోగొట్టుకొని తరగతిలో అడుగు పెడుతున్నాడు. ఈ పాఠములో మేము చెప్పదలచినది ఒక్కటే: విద్యా సంవత్సరమునకు సిద్ధపడుట బడి తెరచిన దినమున కాదు, మే నెలలోనే జరుగవలెను.

1. ఆ మొదటి రెండు వారములలో ఏమి జరుగును?

"మొదట్లో పాఠాలేమీ చెప్పరులే, పుస్తకాలు కూడా రావు" అని మనలో చాలమంది అనుకొంటారు. ఇది సరికాదు. కర్ణాటక పాఠశాలలలో సంవత్సరారంభమున "సేతుబంధ" అను కార్యక్రమము జరుగును. సేతువనగా వంతెన. పోయిన తరగతిలో పిల్లలు ఏది నేర్చుకొన్నారు, ఏది నేర్చుకొనలేదు అని ఉపాధ్యాయులు మొదట ఒక చిన్న పరీక్షతో తెలిసికొంటారు. లోపమున్న చోట మరల చెప్పుతారు. ఆ తరువాత మరియొక పరీక్ష పెట్టి, క్రొత్త పాఠములలోనికి వెళ్తారు.

ఇప్పుడు ఆలోచించండి. ఈ వంతెన ఎవరికి ఎక్కువ అవసరము? వేరే రాష్ట్రములో చదివి వచ్చినవారికి, ఇంటిలో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడేవారికి. అనగా మన పిల్లలకే. ఎవరి కొరకు వంతెన వేశారో వారే వంతెన తీసివేసిన తరువాత వస్తున్నారు.

ఐదవ తరగతి పిల్లవాడు ఈ లోటును ఎలాగో పూడ్చుకొనవచ్చును. ఎనిమిది, తొమ్మిది తరగతులలో అది కష్టము. బీజగణితములో మొదటి అధ్యాయము రానివానికి మూడవ అధ్యాయము రాదు. పదవ తరగతిలో చాలా విషయములలో నూటికి ఇరువది మార్కులు పాఠశాలలోనే సంవత్సరము పొడవునా జరుగు పరీక్షలు, పనుల నుండి వస్తాయి. ఆ లెక్క మార్చిలో కాదు, తరగతి మొదలైన నెలల నుండియే నడుచును. పైగా పదవ తరగతి పరీక్షకు కూర్చుండుటకు నూటికి 75 వంతుల హాజరు ఉండవలెను. ఆరంభములో పోయిన పన్నెండు దినములు, సంక్రాంతికి పోయిన వారము, జ్వరము వచ్చి పోయిన దినములు కలిపి చూస్తే లెక్క ఎంతవరకు వచ్చునో మీరే వేసికొనండి.

2. సెలవులు తగ్గవు, జరుగును

ఇంత మాత్రమున ఊరికి పోవద్దని మేము చెప్పుట లేదు. తాతయ్య, నాయనమ్మల దగ్గర గడిపే నెల పిల్లలకు ఏ బడియు ఇవ్వలేనిది. తెలుగు నోటిలో నిలుచుటకు, ఎవరు మేనమామ ఎవరు పెదనాన్న అని తెలియుటకు ఆ నెల కావలెను.

అయితే గమనించండి. కర్ణాటకలో బడులు ముందుగా తెరచినట్లే ముందుగా మూస్తారు. ఇక్కడ వేసవి సెలవులు 2024, 2025 సంవత్సరములలో ఏప్రిల్ 11 ప్రాంతముననే మొదలైనవి. ఊరిలో ఏప్రిల్ 24న మొదలైనవి. గనుక మనము ముందు వెళ్ళి ముందు రావచ్చును. ఏప్రిల్ మూడవ వారములో బయలుదేరి మే 20, 22 నాటికి తిరిగి వస్తే ఊరిలో నెల దినములు నిండును, ఇక్కడ బడికి ఒక వారము ముందే ఇల్లు చేరుదుము. రైలు రిజర్వేషను 2024 నవంబరు నుండి ప్రయాణమునకు 60 దినముల ముందు తెరుస్తున్నారు. మే 22న తిరిగి రావలెనంటే మార్చి 23ననే టిక్కెట్టు చూచుకొనవలెను. వెళ్ళే టిక్కెట్టు తీసికొని తిరుగు టిక్కెట్టు "అప్పుడు చూద్దాం" అన్నవారే సాధారణముగా జూన్ పదికి చేరుతారు.

సంక్రాంతి విషయము కూడ ఇదే. ఊరిలో వారమునకు మించి సెలవులుండును, ఇక్కడ పండుగ దినము మాత్రమే. దీనికి బదులుగా కర్ణాటకలో దసరాకు సుమారు రెండు వారములు లేక అంతకు మించి ఇస్తారు. పెద్దవారిని చూచుటకు దసరా సెలవులు వాడుకొని, సంక్రాంతికి పిల్లల చదువు పోకుండ చూచుకొనుట తెలివైన పని. సి.బి.ఎస్.ఇ., ఐ.సి.ఎస్.ఇ. బడుల తేదీలు వేరుగా ఉండవచ్చును. ఏ బడి అయినను సెలవులు ఇచ్చే దినముననే తెరచే తేదీ అడిగి గోడ క్యాలెండరుపై ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి.

3. కన్నడము: భయపడనక్కరలేని భాష

2015లో కర్ణాటక శాసనసభ చేసిన చట్టము ప్రకారము రాష్ట్రములోని పాఠశాలలలో కన్నడము ఒక భాషగా చదువవలెను. 2017-18 నుండి ఒకటవ తరగతితో మొదలుపెట్టి సంవత్సరమునకు ఒక తరగతి చొప్పున దీనిని అమలు చేయుచు వచ్చారు. కర్ణాటక పదవ తరగతి పరీక్షలో తెలుగును మొదటి భాషగా వ్రాయుటకు వీలున్నది. కాని మీ బడిలో తెలుగు బోధించువారు ఉన్నారా అన్నది ముందుగా అడిగి తెలిసికొనవలెను. బోధించువారు లేని చోట వీలు ఉండియు ప్రయోజనము లేదు.

"మా వానికి కన్నడం రాదండీ, అందుకే మార్కులు తక్కువ" అను మాట మనము తరచుగా వింటున్నాము. ఇది నిజమే కావచ్చును, కాని తెలుగు పిల్లవానికి కన్నడమంత దగ్గర భాష మరియొకటి లేదు. రెండు లిపులును ఒకే పాత లిపి నుండి విడిపోయినవి. తెలుగు వ్రాయగలిగిన విద్యార్థి కన్నడ అక్షరమాలను ప్రక్కన పెట్టుకొని చూస్తే చాల అక్షరముల ఆకారము ఒక్కటే అని కనుగొనును. తలకట్టులో తేడా ఉన్నది: మనము పైన చిన్న టిక్కు గుర్తు వలె పెడతాము, వారు అడ్డముగా లాగి కుడి ప్రక్కన వంచుతారు. క, త, శ వంటి కొన్ని అక్షరములు మాత్రము వేరుగా నేర్చుకొనవలెను. దినమునకు ఐదు అక్షరముల చొప్పున మే నెల సెలవులలో ముగించవచ్చును.

మాటలకును తాళపుచెవులు ఉన్నవి. మూడు చెప్పెదము.

మొదటిది, పాత కన్నడములో "ప"తో మొదలైన అనేక మాటలు కాలక్రమమున "హ"గా మారినవి. మన తెలుగులో "ప" నిలిచినది. గనుక పాలు అక్కడ హాలు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు, పల్లె హళ్ళి. చందాపుర చుట్టుప్రక్కల "హళ్ళి"తో ముగిసే ఊరి పేర్లను బస్సు బోర్డులపై చదువుతూనే ఉన్నాము. అవి మన పల్లెలే.

రెండవది, మన "వ" అనేకచోట్ల వారి "బ". వెల బెలె అగును, వెన్న బెణ్ణె అగును, వేరు బేరు అగును, విల్లు బిల్లు అగును.

మూడవది, సంస్కృతము నుండి వచ్చిన మాటలకు మనము చివర "ము" చేరుస్తాము, వారు చేర్చరు. పుస్తకము పుస్తక, గ్రామము గ్రామ, పాఠము పాఠ. సాంఘిక శాస్త్రము, విజ్ఞాన శాస్త్రములలోని పెద్ద మాటలు సగమునకు పైగా ఈ విధముగా తెలిసినవే అగును.

అయితే ఒకే రూపముండి అర్థము వేరైన మాటల విషయములో జాగ్రత్త. కన్నడములో "అన్న" అంటే తినే అన్నము. సోదరుడు "అణ్ణ". "మరి" అంటే మనము అనుకొనే మరి కాదు, జంతువు పిల్ల. "మాడు" అంటే చేయుము. ఇటువంటి మాటలకు ఒక చిన్న నోటుపుస్తకము పెట్టి, ఎడమ ప్రక్క తెలుగు, కుడి ప్రక్క కన్నడము వ్రాసికొనండి. కిరాణా కొట్టులో, బస్సులో, ఇంటి యజమానురాలితో మాట్లాడునప్పుడు దినమునకు మూడు మాటలు వాడండి. తప్పు వస్తే నవ్వుతారు, కాని సరిచేసి చెప్పుతారు. నేర్చుకొనే వానికి అంతకు మించి కావలసినది లేదు.

కన్నడము నేర్చుటకు తెలుగును విడువనక్కరలేదు. వారమునకు ఒకసారి అమ్మమ్మకు తెలుగులో ఒక పేజీ ఉత్తరము వ్రాసే విద్యార్థి రెండు లిపులను నిలుపుకొనును. తెలుగు బాగుగా చదివేవాడే కన్నడము త్వరగా చదువును.

4. పోయిన సంవత్సరపు పుస్తకములు

మార్చి పరీక్షలు ముగియగానే పాతపేపర్ల వానికి పుస్తకములు తూచి అమ్ముట అనేక ఇండ్లలో వాడుక. జూలై వరకు అమ్మవద్దని మనవి. క్రొత్త తరగతి పాత తరగతి మీద కట్టబడును.

మే చివరి వారములో దినమునకు ఒక గంట చాలును. చదివినది మరచిపోవుట సోమరితనము కాదు, మనస్సు పని చేసే తీరే అంత. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తన మీదనే పరీక్షించుకొని, నేర్చినది మొదటి దినములలోనే చాలవరకు జారిపోవునని, మరల చదివితే మొదటిసారి కంటె తక్కువ సమయము పట్టునని చూపించెను. గనుక పాఠమును పదిసార్లు కన్నులతో చూచుట కంటె ఒకసారి చదివి, పుస్తకము మూసి, గుర్తున్నది కాగితముపై వ్రాసి, తెరచి సరిచూచుకొనుట మేలు. రాని చోట మాత్రమే మరల చదువవలెను.

గణితములో ఎక్కములు, భిన్నములు, భాగహారము అడిగి చూడండి. ఏడవ తరగతి విద్యార్థికి బీజగణితము రాలేదంటే చాలసార్లు లోపము ఐదవ తరగతి భిన్నములలో ఉండును. అక్కడికి వెనుకకు వెళ్ళుటకు సిగ్గుపడనక్కరలేదు. కర్ణాటక రాష్ట్ర పాఠ్యపుస్తకములు, ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములు ఇంటర్నెట్టులో వెల లేకుండ దొరకును. క్రొత్త తరగతి పుస్తకము చేతికి రాకముందే మొదటి పాఠము ఫోనులో చూచుకొనవచ్చును.

5. కాగితములు

తల్లిదండ్రులు ఈ భాగమును జాగ్రత్తగా చదువవలెను.

ఊరి నుండి క్రొత్తగా పిల్లలను తెచ్చి చేర్చేవారు టి.సి. తప్పక తెచ్చుకొనవలెను. వేరే రాష్ట్రము టి.సి. మీద విద్యాశాఖ అధికారి సంతకము కూడ కావలెనని కొన్ని బడులలో అడుగుతారు. గనుక ఊరిలో ఉన్నప్పుడే చేయించుకొని వస్తే మరల ప్రయాణము తప్పును. అయితే 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ఎనిమిదవ తరగతి లోపు పిల్లలకు టి.సి. ఆలస్యమైనదని చేర్చుకొనకపోవుటకు వీలులేదు. వయస్సు ధ్రువపత్రము లేదని కూడ త్రిప్పి పంపరాదు. మధ్యలో చదువు మానిన పిల్లలను వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెనని అదే చట్టము చెప్పుచున్నది. మన పొరుగున కట్టడపు పనికి క్రొత్తగా వచ్చిన కుటుంబములకు ఈ సంగతి తెలియదు. వారికి మనమే చెప్పవలెను.

రెండవది పేరు. మనకు ఇంటిపేరు ముందు వచ్చును, ఇక్కడ ఇనీషియలు తరచుగా చివర వ్రాస్తారు. జనన పత్రములో ఒక విధముగా, ఆధారులో ఒక విధముగా, బడి రిజిస్టరులో మరొక విధముగా ఉన్న పేర్లు చాలమందికి ఉన్నవి. పదవ తరగతి మార్కుల కార్డులో పడిన పేరు, పుట్టిన తేదీ జీవితాంతము వెంట వచ్చును. తొమ్మిదవ తరగతిలోనికి వచ్చే ప్రతి విద్యార్థి ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచుకొనవలెను. దిద్దుబాటు ముందుగా ఒక అర్జీతో అగును, తరువాత ఏండ్లు పట్టును.

6. వేళ, చోటు, సంచి, దారి

సెలవులలో రాత్రి పన్నెండు వరకు ఫోను చూచి తొమ్మిదికి లేచే అలవాటు ఒక్క దినములో మారదు. దినమునకు పదిహేను నిమిషముల చొప్పున ముందుకు జరిపితే ఎనిమిది దినములలో రెండు గంటలు మారును. పదమూడేండ్ల లోపు పిల్లలకు తొమ్మిది నుండి పదకొండు గంటలు, ఆపై పదునేడేండ్ల వరకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు.

చదువుకొనుటకు వేరే గది లేదని చింతించవద్దు. ఒక గది ఇంటిలో చోటు స్థిరముగా లేకపోయినను వేళ స్థిరముగా ఉండవచ్చును. సాయంకాలము ఏడు నుండి ఎనిమిదిన్నర వరకు టీవీ కట్టివేసి, ఇంటివారందరు గొంతు తగ్గించితే అదే చదువు గది.

సంచి విషయములో 2019లో కర్ణాటక ప్రభుత్వము హద్దులు పెట్టినది: ఒకటి, రెండు తరగతులకు రెండు కిలోలు, మూడు నుండి ఐదుకు మూడు కిలోలు, ఆరు నుండి ఎనిమిదికి నాలుగు కిలోలు, తొమ్మిది, పదికి ఐదు కిలోలు మించరాదు. కిరాణా కొట్టు తక్కెడలో ఒకసారి పెట్టి చూడండి. ప్రతి రాత్రి మరుసటి దినపు పట్టిక చూచి సర్దుకొంటే సగము బరువు తగ్గును.

దారిని తేలికగా తీసికొనవద్దు. చందాపుర సర్కిల్ దగ్గర హోసూరు రోడ్డు, ఆనేకల్ రోడ్డు కలియును. ఉదయము కంపెనీ బస్సులు, లారీలు, బడి వ్యానులు ఒకే వేళకు వచ్చును. క్రొత్త బడిలో చేరినవారు తెరచుటకు ముందే ఒక పనిదినమున అదే వేళకు తండ్రితోనో తల్లితోనో కలిసి వెళ్ళి రావలెను. రోడ్డు ఎక్కడ దాటవలెనో, ఎంత సేపు పట్టునో గుర్తించండి. పి.యు.సి. కొరకు నగరములోనికి పోవువారికి 2025 ఆగస్టు నుండి బొమ్మసంద్ర నుండి మెట్రో నడుచుచున్నది. స్టేషను వరకు చేరే సమయము కూడ లెక్కలో వేసికొనండి.

తల్లి, తండ్రి ఇద్దరును ఎనిమిదికి ముందే పనికి పోయే ఇండ్లలో పిల్లవాడే తాళము వేసి బయలుదేరవలెను. తాళపుచెవి ఎక్కడ ఇవ్వవలెను, బస్సు తప్పితే ఎవరికి ఫోను చేయవలెను అను రెండు సంగతులు ముందే నేర్పండి.

7. కలిసి చేయగలిగినవి

మన సంఘములో ప్రతి తరగతికి చెందిన పిల్లలు ఉన్నారు. మే నెల చివరి ఆదివారమున పై తరగతివారు తమ పుస్తకములు, బిగువైన యూనిఫారములు తెచ్చి ఒక బల్లపై ఉంచితే క్రింది తరగతివారు తీసికొనవచ్చును. ఇక్కడే పుట్టి పెరిగి కన్నడము బాగుగా వచ్చిన పెద్ద పిల్లలు, క్రొత్తగా వచ్చినవారితో వారమునకు రెండు సాయంకాలములు కూర్చుంటే, ట్యూషను ఫీజు కట్టలేని ఇంటికి అది గొప్ప సహాయము. నేర్పేవానికి కూడ పాఠము గట్టిపడును.

కుటుంబముగా కూర్చుండి చర్చించవలసిన ప్రశ్నలు

1. మన పిల్లల బడి ఏ తేదీన తెరుచును? ఆ తేదీకి ఎన్ని దినముల ముందు మనము ఇల్లు చేరుచున్నాము?
2. పోయిన సంవత్సరము ఎన్ని దినములు హాజరు పోయినది? అందులో జ్వరము వలన ఎన్ని, ప్రయాణము వలన ఎన్ని?
3. పోయిన తరగతిలో అర్థము కాని పాఠములు మూడింటి పేర్లు చెప్పగలరా?
4. విద్యార్థి తన పేరు, బడి పేరు, ఊరి పేరు కన్నడములో తప్పు లేకుండ వ్రాయగలడా?
5. జనన పత్రము, ఆధారు, బడి రిజిస్టరులలో పేరు, తేదీ ఒక్కటిగా ఉన్నవా?
6. చదువు వేళలో ఇంటిలో టీవీ, ఫోను కట్టివేయుటకు పెద్దవారు ఒప్పుకొందురా?
7. బడికి పంపని పొరుగువారి పిల్లలు ఎవరైన ఉన్నారా? వారి తల్లిదండ్రులతో ఎవరు మాట్లాడుదురు?

ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితముపై వ్రాసి, పిల్లల పుస్తకముల దగ్గర ఉంచండి. దసరా సెలవులలో మరల తీసి చూడండి. మనము ఊరు విడిచి ఇంత దూరము వచ్చినది పిల్లలు మనకంటె బాగుగా చదువవలెననియే గదా. వారు తరగతిలో మొదటి దినము మొదటి గంటకు కూర్చుండునట్లు చేయుట మన చేతిలోనే ఉన్నది.